కడిగిన సొరబుర్ర

మా నాన్న హబీలా దురుసు మనిషి కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే నేను చెప్పబోయేది విని మీరు ఆయన్ని తిట్టుకుంటారు. ఆ ఏడు రెండో కలుపు రోజున ఆయనకి ఏమైందో ఆయనకే తెలియదు.

కొండల్లోని మా జార్ తెగ పల్లెల్లో ఒకరి పొలంలో ఒకరు వంతుల మీద కలుపు తీస్తారు. ఎవరి పొలంలో పని జరిగితే ఆ ఇంటి ఇల్లాలు జొన్నకల్లు కాచి పోయాలి. కలుపు ఎలా తీశారన్నది ఎవరికీ పట్టదు. కల్లు ఎలా కుదిరిందన్న మాట మాత్రం ఊళ్ళో పది రోజులు నడుస్తుంది. మా అమ్మ కాండే కాచే కల్లుకి ఎంత పేరంటే, పిలవని వాళ్ళు కూడా పారలు భుజాన వేసుకుని దిగేవాళ్ళు. ఆ రోజు ముప్పై మంది దాకా వచ్చారు.

ఎండ నడినెత్తికి రాగానే అందరూ గట్టు మీద కూర్చున్నారు. అమ్మ సొరచిప్పలు నింపి ఇద్దరిద్దరికి ఒకటి చొప్పున అందించింది. స్నేహితులైన వాళ్ళు చెంపకి చెంప ఆనించి, ఒకే అంచు మీద ఇద్దరూ పెదవులు పెట్టి, చుక్క కిందపడకుండా తాగాలి. ఒకడికి తొందరెక్కువైతే రెండోవాడి ముక్కులోకి పోతుంది. పిల్లలం అది చూడటానికే అక్కడ చేరేవాళ్ళం. నాన్న తన జోడీతో కలిసి ఒక్క గుక్క తాగాడు. మొహం పక్కకి తిప్పుకుని, "పులిసిపోయింది," అన్నాడు. చిప్పలో మిగిలినదంతా చాల్లోకి ఒంపేశాడు.

కల్లు నచ్చకపోతే కింద పెట్టెయ్యొచ్చు. ఎగతాళి చెయ్యొచ్చు, అదీ తప్పు కాదు. ఒంపకూడదు. మాలో చచ్చిపోయినవాళ్ళకి తప్ప నేలకి కల్లు పొయ్యరు. గట్టు మీద తాగుతున్నవాళ్ళు చిప్పలు దించేశారు. ఎవరో దగ్గారు.

అమ్మ చిప్పలన్నీ ఏరింది, వాగులో కడిగింది, పెద్దది కింద, చిన్నది పైన పేర్చి ఇంటికి తెచ్చింది. మర్నాడు తెల్లారాక బట్టల మూట నెత్తిన పెట్టుకుని లూసాలో ఉన్న మా మామయ్య ఇంటికి వెళ్ళిపోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నా తర్వాత పుట్టిన ఇద్దరూ నిలవలేదు, అందుకని ఆవిడకి నేనొక్కదాన్నే. నేనూ వస్తానని మూట పట్టుకు లాగితే, "నువ్వీ ఇంటి పిల్లవి దినాతూ, నాయనమ్మ దగ్గరుండు," అంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే కాలు కదలదని ఆవిడకి తెలిసి ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజంతా ఆవిడ మీద ఒళ్ళు మండిపోయింది.

*

అమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలిసింది నీళ్ళ దగ్గర. మా ఇంట్లో కుండ పక్కన పొడుగు మెడ సొరబుర్ర ఒకటి ఉండేది. అమ్మ దాన్ని ముంచితే బుడబుడమని నాలుగు బుడగలు వచ్చేవి, ఐదోది రాకముందే తీసేసేది. మా నాయనమ్మ తబావా ముంచితే బుడగలు అన్నీ అయిపోయేదాకా పట్టుకుని ఉండేది. ఆ చప్పుడు పూర్తిగా వినాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది. ఇందులో ఏడవాల్సిందేముందని నాయనమ్మ అడిగేది.

నాన్న ఇంకో రకం. గంజిలో ఉప్పు లేకపోయినా అడగడు. పని నుంచి వచ్చి కల్లు కాచే పొయ్యి దగ్గర కూర్చునేవాడు. అమ్మ అక్కడ లేదు కనుక అక్కడే కూర్చునేవాడని నా లెక్క. నాయనమ్మ నోరు ఊరుకోదు కదా, వచ్చే పోయే వాళ్ళందరికీ వినబడేలా, పొయ్యిలో నిప్పు లేదురా, చలి కాచుకోవాలంటే లూసా వెళ్ళు అనేది. ఆయన నవ్వేవాడు కాదు.

జొన్న కంకుల్లో గింజ ముదిరే రోజుల్లో ఒక పూట నాన్న గాదె కప్పు మీద ఎండబెట్టిన బుర్రల్లోంచి అన్నిటికన్నా గుండ్రంగా ఉన్నది దింపాడు. దాన్ని నిలువునా కోసి, లోపల గీకి, కత్తి మొనని నిప్పుల్లో కాల్చి పైన గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు పట్టింది. ఆ గీతలు అమ్మ చెంపల మీది గీతలు, మాలో చిన్నప్పుడే కత్తితో పెట్టే గాట్లు. ఎన్ని ఉన్నాయో, ఏది పొడుగో, ఏది చెవి దాకా పోతుందో ఆయన ఎవరినీ అడగలేదు. నేను పక్కన కూర్చుని కాలిన బుర్ర వాసన పీలుస్తూ చూశాను. ఈయనకి అమ్మంటే ఇంత ఇష్టమా అని ఆశ్చర్యపోయాను. ఆ ఇష్టం ఏదో ఆ కలుపు రోజున చూపించి ఉంటే సరిపోయేది.

అది పిలుపు బుర్ర. అలిగి వెళ్ళిన ఇల్లాలిని పిలవాలంటే మాలో మొగుడు వెళ్ళి బతిమాలడు. వెళితే ఇద్దరిలో ఎవరో ఒకరు మాట జారతారు, ఉన్నది కూడా ఊడిపోతుంది. అందుకని బుర్రలో సజ్జపిండి, నువ్వులు నింపి ఇంటి పిల్ల నెత్తిన పెట్టి పంపుతారు. అక్కడ మూడు రోజులు ఉంచుకుంటారు. ఆవిడకి రావాలని ఉంటే తన చేత్తో ఏదైనా చేసి, అందులో పెట్టి, ఆకు కప్పి, కడగకుండా వెనక్కి పంపుతుంది. వారం తిరిగేలోగా అత్తింటి ఆడవాళ్ళు వెళ్ళి తీసుకొస్తారు, వెళ్ళకపోతే ఆ బంధం తెగినట్టే. అంతవరకూ ఆవిడ తనంతట తాను బయల్దేరకూడదు, అది నామోషీ. రావడం ఇష్టం లేకపోతే ఇసక వేసి తోమి, శుభ్రంగా కడిగి ఖాళీగా పంపుతుంది. రెండోసారి పిలవడం లేదు.

ఇదంతా మోసుకెళ్ళే పిల్లకి చెప్పరు. చెబితే ఆ పిల్ల అక్కడ అమ్మ కాళ్ళు చుట్టుకుని ఏడుస్తుందనీ, జవాబు ఆవిడది కాకుండా పిల్ల ఏడుపుది అవుతుందనీ పెద్దవాళ్ళ భయం. అందుకే నాకూ చెప్పలేదు. చుట్టకుదురు సర్దుతూ నాయనమ్మ, మామయ్యకి నా దండాలు చెప్పు, తిన్నగా వెళ్ళి తిన్నగా రా అంది, అంతే. నేను ఎగురుకుంటూ వెళ్ళాను. అమ్మని చూస్తానన్నది తప్ప నా తలలో ఇంకేం లేదు, తల మీద ఏముందన్నది అసలే లేదు.

*

మామయ్య ఇస్తిఫానుస్ ఇంట్లో ఉన్న ఆ మూడు రోజులూ నేను అమ్మ కొంగు వదల్లేదు. ఆవిడ పిండి విసిరితే పక్కన కూర్చున్నాను, వాగుకి వెళితే వెనకాలే వెళ్ళాను. బుర్ర చేతికిచ్చినప్పుడు ఆవిడ పిండి సంగతి చూడలేదు. పైన గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. ఆ తర్వాత అదే వేలితో తన చెంప తడుముకుంది. నేను చూస్తున్నానని గమనించి, పేలు చూస్తాను రమ్మని నా తల ఒళ్ళోకి లాక్కుంది.

మూడో రోజు పొద్దున్న ఆవిడ వేరుసెనగలూ నువ్వులూ వేయించి, మిరపకాయ వేసి దంచింది. నూనె చేతికి అంటేదాకా పిసికి మూడు ఉండలు చేసింది. మామయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయనకి మా నాన్నంటే పీకలదాకా కోపం ఉంది.

"ఒకసారి పారబోసినోడు మళ్ళీ పారబొయ్యడా?" అన్నాడు.

"పారబోస్తే మళ్ళీ కాస్తాను," అంది అమ్మ, తలెత్తకుండా.

మామయ్య నీ ఖర్మ అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆయన భార్య నవ్వింది. ఆ నవ్వెందుకో నాకు అర్థం కాలేదు. అమ్మ ఉండలు బుర్రలో పెట్టి, ఆకు కప్పి, నా నెత్తిన పెట్టింది. నాకు కడుపునిండా గంజి పోసే పంపింది.

"దీన్ని నాయనమ్మ చేతికే ఇవ్వు. దార్లో దింపకు."

"ఆవిడకేం చెప్పమంటావ్?"

"ఏం చెప్పక్కర్లేదు. ఆవిడకి తెలుస్తుంది."

నేను దింపాను. లూసాకీ మా ఊరికీ మధ్య వాగు దగ్గర రాళ్ళున్నాయి. అక్కడ కూర్చున్నాను. వెనక్కి చూస్తే లూసా కొండ కనబడుతోంది, ఇంకో మలుపు తిరిగితే అదీ కనబడదు. అమ్మ చేతి వాసన ఆకు కిందనుంచి వస్తోంది. ఆకు ఎత్తి చూశాను. ఉండల మీద ఆవిడ వేళ్ళ అచ్చులు ఉన్నాయి. ఒకటి తింటాననుకున్నాను, అదీ సగమే. నోట్లో పెట్టుకున్నాక అది మా ఇల్లూ, మా వంటపొయ్యీ అయిపోయింది. ఏడుస్తూ తిన్నాను. రెండోది తిన్నాను. మూడోదొక్కటీ మిగిలితే నాయనమ్మ తక్కినవేవే అని అడుగుతుందని అదీ తినేశాను.

ఇక దొంగతనం దాచాలి కదా. బుర్రలో నూనె మెరుస్తోంది, పలుకులు అంటుకుని ఉన్నాయి. వాగులో దిగి ఇసక వేసి తోమాను. నాకు వచ్చిన పనే, అమ్మ నేర్పిందే. రెండుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి, బుద్ధిమంతురాలిలా నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచాను.

నాయనమ్మ వాకిట్లో ఎదురుచూస్తోంది. నాన్న పారకి పిడి బిగిస్తున్నట్టు కూర్చున్నాడు, కానీ పిడి అప్పటికే బిగిసి ఉంది. నాయనమ్మ బుర్ర అందుకుని లోపలికి చూసింది. బొటనవేలు పెట్టి ఒక చుట్టు తిప్పింది. వేలు పొడిగా వచ్చింది. బుర్రని తీసుకెళ్ళి చూరుకి తగిలించి, నాన్న వైపు చూడకుండా, "కడిగి పంపిందిరా. కాండే ఇంక రాదు," అంది.

నాన్న సరే అన్నాడు. పార తీసుకుని పొలానికి వెళ్ళాడు. అప్పటికి పొలంలో తీయడానికి కలుపేం లేదు.

బుర్ర కడిగితే ఏమవుతుందో నాకు ఆ నిమిషాన తెలిసింది. మళ్ళీ కాస్తాను అని అమ్మ అన్న మాటా, అత్త నవ్వూ, బుర్ర చేతికే ఇవ్వమనడమూ అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. వెళ్ళి నీళ్ళ కుండ వెనక కూర్చున్నాను.

*

నాయనమ్మ నన్ను ఎన్నడూ కొట్టి ఎరగదు, కాబట్టి దెబ్బలకి భయపడ్డానని చెప్పను. ఉండలు తిన్న సంగతి చెబితే నాన్న మొహం ఎలా అవుతుందో చూడలేను అనుకున్నాను. రేపు చెబుతాననుకున్నాను. అసలు చెప్పనవసరం లేకుండా అమ్మే వచ్చేస్తుందేమో అని కూడా అనుకున్నాను. పొద్దున లేవగానే వాకిట్లోకి పరిగెత్తి దారి వైపు చూసేదాన్ని.

ఎనిమిదో రోజున వాగు దగ్గర లూసా మనిషి ఒకావిడ, నేను ఎవరి పిల్లనో తెలియక, పక్కావిడతో చెబుతోంది. ఇస్తిఫానుస్ చెల్లెలు వారం నుంచీ మూట కట్టుకుని అరుగు మీద కూర్చుందట, అత్తింటి వాళ్ళు వస్తారని. తల దువ్వుకుని, కొత్త గుడ్డ చుట్టుకుని మరీ కూర్చుందట. దారిన పోయేవాళ్ళందరూ, ఏం కాండే ఇంకా రాలేదా అని అడిగి నవ్విపోతున్నారట. నిన్న సాయంత్రం మూట విప్పేసిందట. నా చేతిలో నీళ్ళబుర్ర ఎప్పుడు జారిందో తెలియదు. అది మునగకుండా తేలుతూ పోయింది, నేను దాని వెంట పరిగెత్తి పట్టుకున్నాను. ఇంటికి వెళ్ళి ఆ పూటా చెప్పలేదు. అదీ నేను. తిన్నందుకు నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. ఆ తర్వాతి మూడు వారాల మౌనానికి మాత్రం ఇప్పటికీ క్షమించుకోలేదు.

జొన్న కోతలయ్యాయి. నూర్పిళ్ళు మొదలైన రోజున నాన్న అమ్మ కల్లు కుండలు రెండూ బయటికి తీశాడు. ఊళ్ళోనే ఉన్న మా పిన్నికి ఇచ్చేస్తాడట, ఇక్కడ ఎండి బీటలు తీయడం ఎందుకని. పొయ్యి రాళ్ళు కూడా పెకలిస్తానన్నాడు. ఆయన మొదటి రాయి మీద చెయ్యి వేశాడు.

"నాన్నా, అమ్మ కడగలేదు," అన్నాను. "నేను కడిగాను. అందులో ఉండలుంటే తినేసి కడిగాను."

నాయనమ్మ చేతిలో చేట ఆగిపోయింది. నాన్న రాయి మీద చెయ్యి తియ్యలేదు. ఎన్ని ఉండలు, ఏం పెట్టి చేసింది, ఆకు కప్పిందా అని నాయనమ్మ ఒక్కొక్కటే అడిగింది, నేను చెప్పాను. నాన్న కుండలు రెండూ తీసుకెళ్ళి ఎక్కడివక్కడ పెట్టాడు.

రెండోసారి పిలిచే ఆనవాయితీ లేదని ఆయన నోరు పెగల్చుకుని అంటే, "ఆనవాయితీ సంగతి నేను చూసుకుంటా. నువ్వు పిండి తే," అంది నాయనమ్మ.

మర్నాడు పొద్దున్నే చూరు మీది బుర్ర దింపి, పిండి నింపి, ఆ వయసులో తనే నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. ముసలావిడ పిలుపు బుర్ర మోస్తుంటే ఊరంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఏం చూస్తారు, నా కోడల్ని తెచ్చుకోవడానికి పోతున్నా అని అందరికీ చెప్పుకుంటూనే వెళ్ళింది. నాన్న ఆ రోజు వాకిలి ఊడ్చాడు. ఆయన చీపురు పట్టడం నేను మొదటిసారి చూశాను.

రెండో రోజు పొద్దు వాలేవేళకి ఆవిడ ఒక్కతే తిరిగొచ్చింది. బుర్రలో పిండి పిండిగానే ఉంది. అమ్మ పది రోజుల కిందటే వెళ్ళిపోయిందట. లాంగ్‌తాంగ్ వైపు నుంచి భార్య పోయిన మనిషి ఒకాయన వచ్చి అడిగితే మామయ్య ఇచ్చేశాడు. అమ్మ కాదనలేదు. పిలిచి తీసుకెళ్ళడానికి రాని ఇంటి కోసం ఎన్నాళ్ళు కూర్చుంటానని అందట.

నాన్న బుర్ర అందుకుని పిండి గాదెలో పోశాడు. నాయనమ్మ కాళ్ళకి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చాడు. నేను గోడకి అతుక్కుపోయాను. "చిన్నపిల్లవి," అని నా తల మీద చెయ్యి పెట్టాడు. కొట్టి ఉంటే నాకు బాగుండేది.

*

దుమ్ముగాలి మొదలయ్యాక బోయి అనే ఊరి సంతలో అమ్మ కనబడింది. ఎండుమిరపకాయల రాశి ముందు కూర్చుని సొరచిప్పతో కొలిచి పోస్తోంది. నన్ను చూడగానే చిప్ప చేతిలోనే ఉండిపోయింది. నాయనమ్మ నన్ను ముందుకి తోసి, తను ఉప్పు కొనే వంకతో అవతలికి వెళ్ళింది. అమ్మ పక్కన కూర్చున్నాను. చిక్కావేమే అంది. జుట్టెవరు అల్లుతున్నారు, నాన్న తింటున్నాడా అని అడిగింది. అన్నాళ్ళుగా నేను లోపల కూడబలుక్కున్న ముక్క ఒక్కటే ఉంది, అది చెప్పేశాను. బుర్ర దింపాననీ, మూడూ తిన్నాననీ, వాగులో కడిగాననీ.

ఎవరో వచ్చి మిరపకాయల రేటు అడిగితే అమ్మ వినిపించుకోలేదు. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"అంత ఆకలేసిందా తల్లీ ఆ రోజు?" అంది.

"లేదమ్మా. నువ్వు గంజి పోసే పంపావుగా."

"మరెందుకు తిన్నావే?"

"నువ్వు చేశావని."

అమ్మ కొంగు తీసి నా ముక్కు తుడిచింది. ఆ గాలికి సంతలో అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి, అందుకని ఆవిడ కళ్ళ సంగతి నేను చెప్పలేను.

"ఒక్కటి మిగిల్చినా వచ్చేసేదాన్నే, పిచ్చితల్లీ," అంది.

అవతల లారీ దగ్గర నుంచి ఒక మగగొంతు కాండే అని పిలిచింది. అమ్మ నా చెయ్యి వదిలి, మిరపకాయలు మూట కట్టుకుని లేచింది.